సంతకం లేని శాఖ

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పాల ప్యాకెట్టు కోసం గేటు తీస్తే సైడు కాలువలో నీళ్లు వెనక్కి పారుతున్నాయి. మాది విజయవాడలో పాయకాపురం. మా ఇళ్ల మురుగు వీధి చివరికి పోయి పెద్ద కాలువలో కలవాలి. ఆ రోజు పెద్ద కాలువే మా ఇళ్ల వైపు వస్తోంది. ముందు రోజంతా కుండపోతగా కురిసింది కదా, ఎక్కడో చెత్త అడ్డం పడి ఉంటుందిలే అనుకుని తలుపు వేసుకున్నాను. తొమ్మిదింటికి చీలమండ లోతు. భోజనాల వేళకు మోకాలు. చీకటి పడేసరికి కింద పోర్షన్‌లో ఫ్రిజ్జు వెల్లకిలా తేలుతోంది.

మేం ఉండేది మేడ మీద. కింద పోర్షన్ టైలరింగ్ చేసుకునే ఒక అక్కకు అద్దెకిచ్చాం. ఆవిడ, ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషను పైకొచ్చారు. మోటారున్న రెండో మిషను బరువు, కిందే ఉండిపోయింది. దాంతోపాటు వినాయక చవితికి, తర్వాత పెళ్లిళ్లకి జనం కుట్టమని ఇచ్చిన పట్టు జాకెట్టు ముక్కలు ఒక బీరువా నిండా ఉండిపోయాయి. ఆ రాత్రి ఆవిడ తన ప్రాణం గురించి ఒక్క మాట అనలేదు. "వాళ్ల బట్టలకి నేనేం జవాబు చెప్పాలన్నయ్యా?" అని మాత్రం నాలుగైదు సార్లు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఈ వ్యాసం ఒక రకంగా ఆ ప్రశ్న చుట్టూ తిరగడమే.

రెండో రోజు కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. చేయడానికి పని లేక అల్మరాలో ఉన్న ఇంటి కాగితాల ఫైలు తీసి మొదటిసారి మొత్తం చదివాను. లేఔటు నకలు, రిజిస్ట్రేషన్ దస్తావేజు, బ్యాంకు వాళ్ల లీగల్ ఒపీనియన్, ప్లాను అప్రూవల్, పన్ను రసీదులు, కరెంటు మీటరు కాగితం. వీధిలో నడుము దాటి నీళ్లు, నా ఒళ్లో ఈ ఫైలు. సంతకాలు లెక్కపెట్టాను. పదకొండు. ముద్రలు వేరే. స్థలం ఎవరి పేరున ఉందో, మీద అప్పులేమైనా ఉన్నాయో, గజాలెన్నో, రోడ్డు ఎన్ని అడుగులో అన్నీ అడిగారు. నీళ్లు వస్తే ఎటు పోతాయని ఆ పదకొండు మందిలో ఒక్కరూ అడగలేదు.

నేను మాత్రం అడిగానా? స్థలం చూడటానికి వచ్చిన రోజు గట్టు మీద గడ్డి కోస్తున్న ఒక పెద్దాయన, "ఇక్కడ రెండేళ్లకోసారైనా చేను మునిగేది బాబూ" అన్నాడు. బ్రోకరు నవ్వి "అది పాత కథ సార్" అన్నాడు. నేనూ నవ్వాను. గజం ధర పక్క ఏరియా కంటే తక్కువ మరి.

పడవ మూడో రోజు వచ్చింది. అంతకు ముందే పైన డ్రోన్లు తిరిగాయి, పులిహోర ప్యాకెట్లు పడ్డాయి, అందులో ఒకటి ఎదురింటి వాటర్ ట్యాంకులో పడి పిల్లలందరూ నవ్వారు. పడవలోంచి ఆరెంజి చొక్కా కుర్రాడు చేయి అందించి, హిందీ తెలుగు కలిపి "అమ్మా, పహలే నువ్వు రా" అని మా అమ్మను ఎత్తుకున్నాడు. ఆ కుర్రాడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అతని మీద ఎవరైనా ఏదైనా అంటే ఊరుకోను కూడా. నా గొడవల్లా వేరు. ఆ కుర్రాణ్ని పంపిన విపత్తు నిర్వహణ వ్యవస్థ నా ఇంటికి నీళ్లొచ్చాక పడవలో వస్తుంది. నాకు ఆ స్థలం అమ్మిన రోజు దానికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో కుర్చీ లేదు.

*

మా సొంతూరు దివిసీమ, అవనిగడ్డకు కింద. నేను పుట్టింది ఉప్పెన తర్వాత. మా నాయనమ్మ వయసులన్నీ ఉప్పెనతోనే లెక్కపెట్టేది. "మీ నాన్న పెళ్లి ఉప్పెన అయిన మూడేళ్లకి", "ఆ గేదె ఉప్పెనలో పోయిన గేదె కూతురి కూతురు". ఉప్పెనలో గేదె పోతే దాని కూతురు ఎలా మిగిలిందని అడిగితే, పుట్టింట్లో ఉందిలేరా అనేది.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. దానికి కుడి పక్కన ఉన్న దివిసీమ మీద సముద్రం లేచింది. తాటిచెట్టంత అల అంటారు మా వైపు. నాగాయలంక, కోడూరు మండలాల్లో ఊళ్లకు ఊళ్లు పోయాయి. అధికారిక లెక్కే 10,000కు దగ్గర. నాయనమ్మ ఎప్పుడూ అనే మాట ఇది: "రేడియోలో తుపానన్నారు. తుపానంటే గాలీ వానే గదా, మేం చూడనివా? సముద్రం ఇంట్లోకొస్తదని ఎవుడు చెప్పాడు?" ముందస్తు హెచ్చరికలో ఉండే కష్టమంతా ఆవిడ ఆ ఒక్క ముక్కలో చెప్పేసింది. వార్త చేరడం వేరు, అది ఇంట్లో మనిషికి అర్థమై కాళ్లు కదలడం వేరు.

తర్వాత 13 ఏళ్లకు, 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుఫాను మళ్లీ కృష్ణా జిల్లా తీరాన్నే కొట్టింది. చనిపోయిన వాళ్లు వెయ్యి లోపు. అదీ తక్కువేం కాదు, కానీ పది వేల పక్కన పెట్టి చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 185 కిలోమీటర్ల గాలితో ఏకంగా విశాఖపట్నం నగరం మీదే దిగింది. మృతులు పదుల్లో ఆగారు. ఒక్క తరంలో వేలు పదులయ్యాయి. మన దేశంలో ప్రభుత్వం చేసిన పనుల్లో ఇంత స్పష్టంగా కనబడే విజయాలు ఎక్కువ లేవు. రోజూ ప్రభుత్వాన్ని తిట్టే నాలాంటి వాళ్లు కూడా ఒక్కసారి ఆగి ఒప్పుకోవాలి.

అది ఎలా సాధ్యమైందో మా ఊళ్లో చూశాను కాబట్టి చెబుతాను. ఉపగ్రహాలు, రాడార్లు ఉన్నాయి, నిజమే. కానీ మా ఊరికి వచ్చింది మూడు: రోడ్డు, మైకు, తుఫాను షెల్టరు. ఈ మూడింటిలో షెల్టరు కథ వినాలి. 1977 తర్వాత తీరం పొడవునా కాంక్రీటు షెల్టర్లు కట్టారు. మా వైపు రెండు కట్టారు. ఒకదానికి తాళం వేసి "తుఫాను వచ్చినప్పుడు తెరుద్దాం" అన్నారు. పదేళ్లు తిరిగేసరికి తలుపులు పోయాయి, కమ్మీలు బయటపడ్డాయి, పేకాట స్థిరపడింది. రెండోదాంట్లో బడి పెట్టారు. నేను మూడో తరగతి వరకు అక్కడే చదివాను. పిల్లలున్నారు కాబట్టి ఏటా సున్నం వేసేవాళ్లు, బోరు పని చేసేది, మరుగుదొడ్డి ఉండేది, మెట్లు ఎక్కడున్నాయో ఊళ్లో ప్రతి పిల్లాడికీ తెలుసు. తుఫాను రోజు చీకట్లో ముసలమ్మల చేయి పట్టుకుని తీసుకెళ్లింది ఆ పిల్లలే. తాళం వేసిన షెల్టరుకు మాత్రం ఆ రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతకాల్సి వచ్చింది.

'సుస్థిర సమాజం' అని పెద్ద పెద్ద మీటింగుల్లో అంటుంటారు. నాకు తెలిసినంతలో దానికి అర్థం ఆ రెండో షెల్టరు. ఆపద రోజుకు పనికొచ్చేది మామూలు రోజున కూడా పనికొస్తూ ఉండాలి. లేకపోతే అది ఆపద రోజున ఉండదు.

*

ప్రాణాలు కాపాడటం నేర్చుకున్నాం. చిక్కల్లా ఆ ప్రాణం మర్నాడు ఎలా బతకాలన్న దగ్గరే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం మొత్తం కొబ్బరి, జీడి. రాత్రికి రాత్రి తోటలు నేలకొరిగాయి. మనుషుల లెక్కలో చూస్తే అది పెద్ద విపత్తు కాదు. కానీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు వచ్చేసరికి ఇంట్లో పిల్లాడు హైస్కూలు దాటుతాడు. ఆ మధ్యలో ఆ ఇల్లు ఏం తినాలి? వలస పోవాలి. పోయారు. అంతకు ముందు 1996 నవంబరు 6న కోనసీమలోనూ ఇదే. వెయ్యి మందికి పైగా మనుషులు పోయారు, వాళ్లలో వేటకెళ్లిన వాళ్లు చాలా మంది. మిగిలిన వాళ్లకు లక్షల కొబ్బరి చెట్ల మోడులు మిగిలాయి.

మా వీధిలో కొబ్బరి చెట్లు లేవు. ఆటోలున్నాయి, టిఫిన్ బండ్లున్నాయి, ఏసీ మెకానిక్ సామాన్లున్నాయి, కుట్టుమిషన్లున్నాయి. వరద తీశాక ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 రూపాయలు ఇచ్చింది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లు కడిగాయి. ఇవి చిన్న సంగతులు కావు, బురద గోడల ఇంట్లో నిలబడి చూసిన వాళ్లకు తెలుస్తుంది. అయినా మా అక్క లెక్క చూడండి. మోటారు మిషను పోయింది. బీరువా, మంచం, ఫ్రిజ్జు, పిల్లల పుస్తకాలు పోయాయి. తడిసిన పట్టుకు ఊరందరికీ తలా కొంత కట్టింది. ఆటోలో తిరిగి పదిమందిని అడిగి అడిగి తెచ్చుకున్న కస్టమర్లు ఆ చవితికి వేరే చోట కుట్టించుకున్నారు, అటే ఉండిపోయారు. డ్వాక్రా అప్పు వాయిదా మాత్రం ఎటూ పోలేదు. ఆవిడ పేరు ఏ మృతుల జాబితాలోనూ లేదు కాబట్టి లెక్క ప్రకారం ఆవిడ రక్షించబడింది.

'ప్రాణ నష్టం లేకుండా చూశాం' అనే మాట నిజమే. గొప్పదే. ఎంత గొప్పదంటే, దాని వెనక ఇంకేమైనా దాచుకోవచ్చు.

చట్టం మాత్రం ఇలా అనలేదు. 2004 సునామీ తర్వాత 2005లో వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం తీసి చూడండి. 'విపత్తు నిర్వహణ' అంటే ఏమిటో చెప్పిన చోట మొదటి పని నివారణ. తర్వాత తీవ్రత తగ్గించడం, సామర్థ్యం పెంచడం, సన్నద్ధత. ఆ తర్వాతే కాపాడటం, సహాయం, పునర్నిర్మాణం. వరుస అది. డబ్బు వరుస వేరు. ఆ చట్టం వచ్చిన పదిహేనేళ్లకు, 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి రాష్ట్రాలకిచ్చే విపత్తు నిధుల్లో 100కి 20 రూపాయలు ముందు జాగ్రత్త పనులకు వేరుగా పెట్టమంది. మిగిలిన 80లో ఎక్కువ భాగం ఆపద వచ్చి పడ్డాక ఖర్చు చేసేదే. ఆ 20 కూడా కొత్తే. నేను దాన్ని చిన్నచూపు చూడను. ఇన్నేళ్లూ అసలు పద్దే లేని చోట ఒక పద్దు వచ్చింది.

దాని రుచి ఎలా ఉంటుందో విశాఖలో చూడొచ్చు. హుద్‌హుద్‌లో స్తంభాలు విరిగి నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో చేపట్టిన పునరుద్ధరణ పనుల్లో కరెంటు తీగల్ని భూమిలోకి దించారు. ఆ గోతులు తవ్విన రోజుల్లో విశాఖ వాళ్లు తిట్టని తిట్టు లేదు, నా బావమరిదితో సహా. కానీ అది విపత్తు డబ్బుతో రేపటి నగరాన్ని కట్టడం. పాత స్తంభాల స్థానంలో కొత్త స్తంభాలు పాతి ఫోటో దిగితే చౌకగా అయిపోయేది.

*

ఇక బుడమేరు. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఉంటాను. నా ఇల్లు ముంచింది కాబట్టి ఆ హక్కు నాకుంది.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడ పక్కనుంచి మెలికలు తిరిగి కొల్లేటిలో పడుతుంది. నదిని అవమానించినట్టు అందరూ దాన్ని వాగనే అంటారు, ఏడాదిలో ఎక్కువ రోజులు అది మురుగు కాలువలాగే ఉంటుంది మరి. బెజవాడ దుఃఖదాయిని అని పాత పేరు. పట్నాన్ని కాపాడటానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్నుంచి ఒక మళ్లింపు కాలువ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. మంచి ఆలోచనే. కాకపోతే అందులో ఒక షరతు దాగి ఉంది: బుడమేరు పొంగిన రోజు కృష్ణ పొంగకూడదు.

2024లో రెండూ కలిసి పొంగాయి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వెళ్లాయి. అంతకు ముందు ఎన్నడూ అంత పోలేదు. అంత నిండుగా ఉన్న కృష్ణ పక్క కాలువ నీళ్లను ఎందుకు తీసుకుంటుంది? మళ్లింపు కాలువ ఉబ్బి మూడు చోట్ల గండ్లు పడింది. చివరికి సైన్యం వచ్చి ఇనుప జాలీ బుట్టల్లో రాళ్లు నింపి పూడ్చింది. ఆ లోపు నీళ్లు తమ పాత దారి పట్టాయి. ఆ పాత దారిలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, మేమూ ఉన్నాం. ఆ రోజు పైన ఏం జరుగుతోందో మా వీధికి నీళ్లే వచ్చి చెప్పాయి.

అందరూ 'ఆక్రమణలు' అంటారు. అనే ముందు వాంబే కాలనీ అనే పేరు ఒకసారి పలకండి. అది ప్రభుత్వ పథకం పేరు. పేదలకని ప్రభుత్వమే కట్టి తాళాలు ఇచ్చిన ఇళ్లవి. పేదవాడు పల్లంలో ఎందుకుంటాడు? మెరక మీద గజం ధర అతనికి అందదు కాబట్టి. నాలాంటి మధ్యతరగతి వాడూ అందుకే వచ్చాడు, కాకపోతే నా దగ్గర పదకొండు సంతకాలున్నాయి, అతని దగ్గర ఒక పట్టా ఉంది. బుల్డోజరు వస్తే మొదట ఎవరి గోడ దగ్గర ఆగుతుందో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు బుడమేరును ఎవరు చూస్తారో చూడండి. గట్లు, గేట్లు ఒక శాఖవి. పట్నంలో డ్రెయిన్లు ఇంకొకరివి. స్థలాల రికార్డులు రెవెన్యూవి. లేఔట్లు ఇంకో ఆఫీసువి. వంతెనలు కొన్ని రోడ్ల వాళ్లవి, కొన్ని రైల్వేవి. చివర కొల్లేరు అటవీ శాఖది, దాని చుట్టూ చెరువులు మత్స్యశాఖవి. కొల్లేరు అయిదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత దాకా, అభయారణ్యమని 1999లో జీవో వచ్చింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు, మళ్లీ గట్లు లేచాయి. కింద కొల్లేరు గొంతు బిగిస్తే పైన మాకు గుటక దిగదు. ఇదంతా ఒకే నీళ్ల కథ. కానీ ఆ కథ మొత్తం ఒకే బల్ల మీదికి వచ్చేది వరద రోజునే. ఆ రోజు కలెక్టరేట్‌లో అన్ని శాఖలూ ఒకే గదిలో కూర్చుంటాయి, ముఖ్యమంత్రే వచ్చి రోజుల తరబడి అక్కడే మకాం పెట్టారు. నీళ్లు తీశాక ఎవరి ఫైలు వాళ్లు పట్టుకుని ఎవరి ఆఫీసుకు వాళ్లు వెళ్లిపోయారు.

మా దివిసీమలోనూ అంతే. ఉప్పెనను కాస్తయినా అడ్డేది మడ అడవి. దాన్ని కొట్టి రొయ్యల చెరువులు తవ్వినప్పుడు ఏ విపత్తు అధికారీ 'నా షెల్టరు ముందున్న గోడను కూలుస్తున్నారు' అని అనలేదు. అది ఆయన ఫైలు కాదు.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచింది. 15,000 మంది దాకా పోయారంటారు. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన గోడలు ఎత్తుగా కట్టమని చెప్పి వెళ్లిపోలేదు. పైన రెండు జలాశయాలు కట్టమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద ఆపడానికి కట్టినవి దశాబ్దాల పాటు నగరానికి మంచినీళ్లిచ్చాయి. మా ఊరి బడి షెల్టరు లాంటివే, కాస్త పెద్దవి. ఆ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలు అదుపు చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. వందేళ్ల తర్వాత మనకు తెలివి పెరిగిందో తగ్గిందో మీరే చెప్పండి.

*

వరద తర్వాత కొన్నాళ్లు నేను ఎవరు కనబడినా ఒకటే పాట పాడాను. ప్రతి లేఔటు మీద విపత్తు శాఖ సంతకం ఉండాలి, అది లేకపోతే రిజిస్ట్రేషన్ కాకూడదు అని. ఆ ఊపులోనే ఈ వ్యాసానికి పేరు పెట్టుకున్నాను. నా బావమరిది ఒక ప్లానింగు ఆఫీసులో చిన్న ఉద్యోగి. ఒక రోజు భోజనాల దగ్గర తాపీగా విని, మజ్జిగ పోసుకుంటూ అన్నాడు: "పదకొండు సంతకాలు నీళ్లు ఆపలేదు కదా బావా. పన్నెండోది ఆపుతుందా? ఇంకో టేబులు, ఇంకో రేటు. అంతే."

నాకు కోపం వచ్చింది. వాడు చెప్పింది నిజం కావడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది.

కాబట్టి నా మాట కాస్త మార్చుకున్నాను. విపత్తు శాఖకు కుర్చీ కావాలన్న దగ్గర నేను మారలేదు. 2025లో విపత్తు నిర్వహణ చట్టాన్ని సవరించి, రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్ ఉన్న నగరాలకు విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టుకోవచ్చన్నారు. కమిషనరు దానికి అధ్యక్షుడు. అంటే ప్లాన్లు ఇచ్చే చేయీ, పడవలు పంపే చేయీ మొదటిసారి ఒకే మనిషివి అవుతాయి. ఇది మంచి అవకాశం. ఏటా జూన్‌లో ఒక మాక్ డ్రిల్ చేసి, లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి సరిపెట్టుకుంటే మాత్రం ఇంకో బోర్డు, ఇంకో జీపు మిగులుతాయి.

కానీ ఆ సంస్థ చేతికి సంతకం ఇచ్చే బదులు సున్నం బక్కెట్టు, బ్రష్షు ఇవ్వమంటాను. నవ్వకండి. 2024లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ప్రతి కరెంటు స్తంభం మీద, ప్రతి బడి గోడ మీద ఒక గీత గీయాలి, పక్కన తేదీ రాయాలి. ఆ గీతలన్నీ కలిపి ఒక మ్యాపు చేసి సచివాలయం గోడకీ, రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడకీ అంటించాలి. దస్తావేజులో సరిహద్దులు రాసే చోట 'ఈ స్థలంలో ఫలానా రోజున ఇన్ని అడుగుల నీళ్లు నిలిచాయి' అని ఒక వాక్యం ఉండాలి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరినీ ఆపనక్కర్లేదు. కొనేవాడికి తెలిస్తే చాలు. తెలిసీ కొనేవాడు కనీసం పునాది లేపుకుంటాడు, మీటరు బోర్డు ఎత్తులో పెట్టుకుంటాడు, కింద పోర్షన్‌లో బీరువా పెట్టడు. బ్యాంకు వాడికి తెలిస్తే ఇంకా మంచిది, నా కంటే వాడికి భయమెక్కువ.

రెండోది, నీళ్లొచ్చిన మొదటి కొన్ని గంటలు. ఆ సమయంలో ఎక్కడా ప్రభుత్వం ఉండదు, ఉండలేదు కూడా. అదే సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగోలేక హెలికాప్టరు రాలేకపోయింది. ఒక జేసీబీ డ్రైవరు వరదలోకి బండి నడుపుకుంటూ వెళ్లి అందరినీ తీసుకొచ్చాడు. అతన్ని దేశమంతా మెచ్చుకుంది. నాకు మెచ్చుకోలుతో పాటు భయమూ వేసింది, ఎందుకంటే మన పథకం అంతా ఒక ధైర్యవంతుడు ఆ సమయానికి అక్కడ ఉండటం మీద నడుస్తోంది. 'ఆపద మిత్ర' పేరుతో 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు శిక్షణ ఇచ్చే పథకం నడిచింది. మంచిదే. మా వీధిలో ఎవరున్నారో మాకు తెలియదు. తాడు ఎవరింట్లో ఉంది, డయాలసిస్‌కి వెళ్లే ముసలాయన ఏ ఇంట్లో ఉన్నాడు, ఎవరి డాబా ఎత్తు, ఎవరి గాలి ట్యూబు పని చేస్తుంది, ఇవన్నీ మేం వరదలోనే తెలుసుకున్నాం. మా ఊరి షెల్టరు తాళంచెవి లాగే.

మూడోది అక్క మిషను. విపత్తు సహాయం అంటే బియ్యం, నూనె, కందిపప్పు అని ఒక జాబితా మన తలల్లో పాతుకుపోయింది. వంద మంది టైలర్లకు పదిహేను రోజుల్లో మిషన్లు రిపేరు చేయించి ఇస్తే, ఆ వంద ఇళ్ల వాళ్లు కందిపప్పు తామే కొనుక్కుంటారు. డ్వాక్రా వాయిదా మూడు నెలలు దానంతట అదే ఆగాలి, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా. ఇది నా ఊహ మాత్రమే, లెక్కలు వేసే వాళ్లు వేయాలి. ఆవిడ మోటారు మిషను మాత్రం నాలుగు నెలలకు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంది. కొంత నేను సర్దాను. మూడు నెలల అద్దె వదిలేశాను అని రాసుకుంటే గొప్పగా ఉండేది, నిజానికి రెండు నెలలే.

*

నీళ్లు తీసిన వారానికి మా అక్క పెద్దకొడుకు గేటు స్తంభం మీద నీలం పెయింటుతో ఒక గీత గీశాడు. నా ఛాతీ ఎత్తుకు వస్తుంది. పక్కన '1-9-24' అని రాశాడు. నాకు బాగా నచ్చింది. వీధిలో అందరి గేట్లకూ గీద్దాం అని వాడూ నేనూ బయల్దేరాం.

మూడు ఇళ్లు దాటలేదు. "స్థలం అమ్మకానికి పెట్టాం, ఇప్పుడిదేంటి సార్" అన్నారు ఒకరు. "అద్దెకు ఎవరొస్తారు ఇది చూస్తే" అన్నారు ఇంకొకరు. ఎదురింటి బాబాయి గారైతే, "నీ గేటు నీ ఇష్టం, కానీ అది చూసి మా రేటు పడిపోతే ఎవరిస్తారు?" అని సూటిగా అడిగారు. ఆయన కూతురి పెళ్లి ఆ స్థలం మీదే ఉంది. నేనేం చెప్పను? పల్లంలో ఉన్న స్థలాన్ని ఇంకొకరికి అంటగట్టి మెరకకు పోవాలనే ఆశ నాకూ ఒకటి రెండు రాత్రులు కలిగింది.

మా గేటు గీత మాత్రం ఉంచాను. మొన్న సంక్రాంతి తర్వాత ఒక ఆదివారం పొద్దున పేపరు చదువుకుంటుంటే గేటు దగ్గర మాటలు వినబడ్డాయి. పక్క ఖాళీ స్థలం చూడటానికి ఒక కుర్ర జంట వచ్చింది. భార్య కడుపుతో ఉంది. చూపిస్తున్నది నాకు స్థలం అమ్మిన బ్రోకరే, జుట్టు నెరిసింది. నేను మేడ మీద ఉన్న సంగతి చూసుకోలేదు.

ఆ అమ్మాయి గీత మీద వేలు పెట్టి, "ఇదేంటండీ?" అని అడిగింది.

"పెయింటు వాళ్లు కొలతకి గీసిందమ్మా" అన్నాడు బ్రోకరు.

పేపరు పక్కన పెట్టి మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఎదురింటి వరండాలో బాబాయి గారు లేచి నిలబడి నా వైపే చూస్తున్నారు.